గోడ లోపల ఏటికి ఎదురీదే వేడి

నాలుగు నెలల పాటు నా లాప్‌టాప్‌లో ఒక గ్రాఫ్ ఉండేది, రోజూ పడుకునే ముందు దాన్ని ఓపెన్ చేసి ఓసారి చూసుకుని పడుకునేదాన్ని. మిల్లీమీటర్‌లో ఐదో వంతు వెడల్పున్న కాలువల్లో నీళ్లు పంపి, గోడ నుంచి అవి వేడి ఎలా తీసుకుంటాయో కొలిచిన నా రీసెర్చ్ గ్రాఫ్ అది. అడుగున రెనాల్డ్స్ నంబర్, అంటే నీళ్లు ఎంత జోరుగా పారుతున్నాయో చెప్పే అంకె, పక్కన నసెల్ట్ నంబర్, దాని సంగతి కిందే చెప్తా. రెనాల్డ్స్ 50 దగ్గర నసెల్ట్ 1, 200 దగ్గర 2.6, 500 దగ్గర 3.5. నీళ్ల వేగం పెరిగేకొద్దీ గీత పైకి పోతోంది, చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంది, మళ్లీ మళ్లీ చేసినా అదే వస్తోంది. కానీ పుస్తకం ప్రకారం అది అలా రాకూడదు.

ఎందుకు రాకూడదో ముందు చెప్తా. నసెల్ట్ నంబర్ అంటే గోడ నుంచి నీళ్లలోకి వేడి ఎంత తేలిగ్గా దిగుతోందో చెప్పే అంకె. నీళ్లు మెల్లగా, పొరలు పొరలుగా, కలగాపులగం అవకుండా పారుతున్నప్పుడు, అంటే లామినార్‌లో, ప్రవేశం దాటి కొంచెం దూరం పోయాక ఈ అంకెకి వేగంతో పని లేదు. గుండ్రటి గొట్టానికి గోడంతా సమానంగా వేడి ఇస్తే 4.36, గోడ టెంపరేచర్ అంతటా ఒకటే ఉంచితే 3.66. చదరపు కాలువకి అవే 3.61, 2.98. మెల్లగా పారినా కాస్త జోరుగా పారినా అంతే. మరి నాకు 50 దగ్గర 1 ఎలా వస్తుంది, మూడో వంతు కూడా లేదు. చిన్న కాలువల్లో ఫిజిక్సే మారిపోతోందేమో అనిపించింది, నిజంగా అనిపించింది, ఎందుకంటే 1990ల్లో వచ్చిన పేపర్లు తీస్తే చాలామందికి ఇలాంటివే వచ్చాయి, లామినార్‌లో ఉండి కూడా నసెల్ట్ వేగంతో పాటు పెరగడం, పుస్తకంలో ఉన్నదానికంటే బాగా తక్కువ రావడం. కొంతమంది దానికి కొత్త ఫార్ములాలు కూడా కట్టారు.

అసలు ఇంత చిన్న కాలువలు ఎందుకు అని మా తెనాలిలో మా బాబాయి అడిగాడు ఫోన్‌లో, ఆయనకి చెప్పిందే ఇక్కడా చెప్తా. నసెల్ట్ మారదు కదా, కానీ నిజంగా పనికొచ్చే హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియంట్ రావాలంటే నసెల్ట్‌ని నీళ్ల కండక్టివిటీతో (వేడి ఎంత తేలిగ్గా పాకుతుందో చెప్పే అంకె) గుణించి గొట్టం వ్యాసంతో భాగించాలి. నీళ్లది 0.6. వ్యాసం సెంటీమీటర్ అయితే చదరపు మీటర్‌కి, ఒక్కో డిగ్రీకి సుమారు 260 వాట్లు. అదే వ్యాసం 0.1 మిల్లీమీటర్ అయితే 26,000. ఏ మాయా లేదు, గోడకీ నీళ్ల మధ్యకీ దూరం తగ్గింది అంతే. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ అనే ఇద్దరు సిలికాన్ ముక్కలో 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) వెడల్పు, 300 మైక్రాన్ల లోతు కాలువలు చెక్కి నీళ్లు పంపి, ఒక చదరపు సెంటీమీటర్ మీద 790 వాట్లు లాగేశారు, టెంపరేచర్ పెరిగింది 71 డిగ్రీలే. ఇస్త్రీ పెట్టె అడుగు మొత్తం మీద ఉండే వేడికి దగ్గరగా, అదీ చిటికెన వేలి గోరంత చోట. ఈ రోజు ఏఐ సర్వర్లలో చిప్ మీద కూర్చోబెట్టే కోల్డ్ ప్లేట్లలో (లోపల నీళ్లు పారే లోహపు పలకలు) సన్న కాలువలున్నవాటికి మూలం అక్కడే ఉంది.

సరే నా సంగతికి వద్దాం. నా టెస్ట్ పీస్ రాగి దిమ్మ. పొడవు 40 మిల్లీమీటర్లు, వెడల్పు 10, ఎత్తు 10. పైన పొడవునా పది కాలువలు, ఒక్కోటి 0.2 వెడల్పు, 0.2 లోతు. అడుగున అతికించిన ఫిల్మ్ హీటర్, పైన పాలీకార్బనేట్ మూత. దీన్ని బెంగళూరు పీణ్యలో ఒక చిన్న వర్క్‌షాప్‌లో చేయించా, హిందూపురం నుంచి వచ్చి పాతికేళ్లుగా అక్కడే మెషీన్ల మధ్య ఉన్న అన్న, తెలుగు వినగానే టీ తెప్పించాడు. డ్రాయింగ్ చూసి "రాగి యాల సార్ వాళ్లకి, ఇది కట్టర్‌కి అతుక్కుంటాది, అంచుల్లో బర్ లేస్తాది, ఇత్తడి అయితే అద్దం మాదిరి వస్తాది కదమ్మా" అన్నాడు. రాగి అయితేనే వేడి బాగా పాకుతుంది అన్నా, అదే కావాలి అని చెప్పా. నాలుగు కట్టర్లు విరిగాక ఐదోదానితో పూర్తయింది. కాలువల్లో మిగిలిన బర్, అంటే కట్టర్ లేపిన సన్నటి రాగి ముళ్లు, మైక్రోస్కోప్ కింద పెట్టి తీయడానికి రెండు రోజులు.

థర్మోకపుల్స్ (టెంపరేచర్ కొలిచే వైర్లు) ఐదు, దిమ్మ పక్క నుంచి చిన్న రంధ్రాలు వేసి కాలువలకి కాస్త కింద, పొడవునా సమాన దూరాల్లో. వాటిని క్యాలిబ్రేట్ చేసేటప్పుడు ఒక సంగతి, మంచు నీళ్లలో సున్నా సరిగ్గా చూపించాయి, మరిగే నీళ్లలో అన్నీ 97 దగ్గర ఆగిపోయాయి. ఒక పూటంతా వైర్లు మార్చి చూశా. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు మరిగేదే 97 దగ్గర. తెనాలిలో పుట్టినదాన్ని, మరగడం అంటే 100 అనే చేతికి అలవాటు. ఇలాంటి చిన్న చిన్నవన్నీ సరిచేసుకున్నా కాబట్టే నా డేటా మీద నాకంత నమ్మకం, పంపు ఫ్లో తూకం వేసి చూశా, కరెంటు ఇచ్చింది ఎంత నీళ్లు తీసుకుంది ఎంత అని లెక్క కట్టా, రెండింటికీ తేడా కొద్ది శాతమే, అదీ చుట్టూ ఉన్న ఇన్సులేషన్ నుంచి పోయేది.

రెనాల్డ్స్ 50 దగ్గర ఏం జరిగిందో వివరంగా చెప్పాలి, కథంతా అక్కడే ఉంది. పది కాలువల్లో కలిపి నిమిషానికి దాదాపు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను. హీటర్ 10 వాట్లు. నీళ్లు 27 దగ్గర లోపలికి పోయి 57 దగ్గర బయటికొస్తున్నాయి, 30 డిగ్రీల పెరుగుదల, లెక్కకి సరిపోయింది. కాలువ లోపల నీళ్ల టెంపరేచర్ కొలవలేం కాబట్టి అందరూ చేసేదే నేనూ చేశా. వేడి పొడవునా సమానంగా ఇస్తున్నాం కదా, కాబట్టి నీళ్లు కూడా 27 నుంచి 57కి తిన్నగా సరళరేఖలో పెరుగుతాయి అనుకుని, ఏ చోట గోడ ఎంత, నీళ్లు ఎంత అని తేడా తీసి నసెల్ట్ లెక్కేశా. సగటు 1 వచ్చింది. చోటుచోటుకీ వేస్తే ఇంకా విచిత్రం, ప్రవేశం దగ్గర 0.5, చివర 50 పైన, కొన్ని రన్స్‌లో చివరి పాయింట్ నెగటివ్. నెగటివ్ వచ్చినవాటిని ఔట్‌లయర్, అంటే మిగతావాటితో పొసగని రీడింగ్, అని పక్కన పెట్టేశా. అక్కడే ఆగి ఉండాల్సింది. నిజానికి ప్రవేశం దగ్గరే నసెల్ట్ ఎక్కువ ఉండాలి, చివరికి పోయేకొద్దీ తగ్గి స్థిరపడాలి, నాకు పూర్తిగా తలకిందులుగా వస్తుంటే చిన్న కాలువల వింత అనుకున్నా.

మా గైడ్ సార్‌కి గ్రాఫ్ చూపించిన రోజు ఆయన గ్రాఫ్ వంక చూడలేదు. "ఐదు థర్మోకపుల్స్ రీడింగులు చదువు" అన్నారు. చదివా, 54 నుంచి 57 వరకు ఉన్నాయి. "నీళ్లు 30 డిగ్రీలు పెరిగాయంటున్నావ్, గోడ మూడే పెరిగింది, మరి నీళ్లు గోడతో పాటు సమానంగా పెరిగాయని ఎలా అన్నావమ్మా?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి పేపర్ మీద వేసి చూసుకున్నా. వేడి పుట్టిన చోటే నేరుగా పైకెక్కి నీళ్లలోకి దిగితే, గోడ ప్రతిచోటా నీళ్లకంటే ఓ నాలుగున్నర డిగ్రీలు మాత్రమే ఎక్కువ ఉండాలి. అంటే ప్రవేశం దగ్గర గోడ 31న్నర, చివర 61న్నర చూపించాలి. నాకు 54, 57. నాలుగు నెలలుగా ఆ రీడింగులు కళ్ల ముందే ఉన్నాయి, దిమ్మంతా ఒకే టెంపరేచర్‌లో ఉంటే థర్మోకపుల్స్ బాగా పనిచేస్తున్నాయని సంతోషపడ్డా తప్ప, ఆ వేడి ఎటు పోతోందని అడగలేదు.

అది వెనక్కి పోతోంది. చివర్లో పుట్టిన వేడి పైన వేడెక్కిపోయిన నీళ్లలోకి దిగడం ఎందుకు, పక్కనే రాగి ఉంది, రాగిలో పాకడం తేలిక, ప్రవేశం దగ్గర చల్లటి నీళ్లున్నాయి. కాబట్టి నీళ్లు ఎడమ నుంచి కుడికి పోతుంటే, గోడ లోపల వేడి కుడి నుంచి ఎడమకి, ఏటికి ఎదురీదుకుంటూ పోయి, ప్రవేశం దగ్గర నీళ్లలో దిగుతోంది. పులుసు మరుగుతున్న గిన్నెలో గరిటె వదిలేస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు, పులుసుని తాకని పిడి కూడా కాలుతుంది, వేడి గరిటె పొడవునా పాకింది కాబట్టి. నా దిమ్మ అలాంటి గరిటే, పైగా రాగి గరిటె, పైగా పిడి పది మిల్లీమీటర్ల లావు.

ఈ వెనక్కి పాకడాన్ని కూడా కలిపి గోడకీ నీళ్లకీ సమీకరణాలు ఒకేసారి సాల్వ్ చేశా (దీన్నే కాంజుగేట్ ప్రాబ్లం అంటారు, గోడనీ ద్రవాన్నీ ముడివేసి చూడటం). వచ్చిన జవాబు చూసి కాసేపు అలా కూర్చుండిపోయా. నీళ్లు మొదటి 10 మిల్లీమీటర్లలోనే 22 డిగ్రీలు పెరిగిపోతున్నాయి. సగం దూరం పోయేసరికి 27న్నర. మిగతా సగంలో పెరిగేది రెండున్నరే. నేను సగం దూరంలో 42 అనుకున్న నీళ్లు నిజానికి 54 పైన ఉన్నాయి. చివర్లో గోడకీ నీళ్లకీ తేడా పావు డిగ్రీ కూడా లేదు, నా థర్మోకపుల్స్ అర డిగ్రీ వరకు అటూ ఇటూ అవ్వచ్చు, అలాంటి తేడాతో భాగిస్తే 50 వస్తుంది, నెగటివూ వస్తుంది, ఏదైనా వస్తుంది. నీళ్లలోకి వేడి దిగడం మామూలుగానే దిగింది, పుస్తకంలో చెప్పినట్టే. తప్పంతా నీళ్ల టెంపరేచర్‌ని నేను ఊహించుకున్న తీరులో ఉంది. గోడంతా ఒకటే టెంపరేచర్ అనుకుని, నసెల్ట్ 3 అని పెట్టి, నా పాత తప్పు పద్ధతిలోనే మళ్లీ లెక్కేస్తే 50 దగ్గర ఒకటికి కాస్త తక్కువ, 200 దగ్గర రెండున్నర, 500 దగ్గర 2.9. నా గీతే మళ్లీ వచ్చింది, ఒక్క కొత్త ఫిజిక్స్ కూడా లేకుండా. 500 దగ్గర మిగిలిన తేడా ప్రవేశం వల్ల, అక్కడ నీళ్ల టెంపరేచర్ ప్రొఫైల్ స్థిరపడటానికే 27 మిల్లీమీటర్లు పడుతుంది, మొత్తం కాలువే 40.

దీన్ని ముందే పసిగట్టడానికి ఒక చిన్న నంబర్ ఉంది, 2004లో మారన్జానా, పెరీ, మయే అని ఫ్రాన్స్‌కి చెందిన ముగ్గురు ఇచ్చారు. గోడ పొడవునా ఎంత వేడి పాకగలదు, నీళ్లు ఎంత వేడి మోసుకుపోగలవు, మొదటిదాన్ని రెండోదానితో భాగించడం. మొదటిది రావాలంటే గోడ కండక్టివిటీని గోడ అడ్డకోతతో గుణించి పొడవుతో భాగించాలి, రెండోది నీళ్ల ఫ్లోని స్పెసిఫిక్ హీట్‌తో గుణిస్తే వస్తుంది. జవాబు 0.01 దాటితే గోడ వెంబడి పాకే వేడిని వదిలేయడానికి వీల్లేదు అన్నారు. నా రాగి దిమ్మకి వేసి చూశా. రాగి కండక్టివిటీ 400, అడ్డకోత ఒక చదరపు సెంటీమీటర్, పొడవు 4 సెంటీమీటర్లు, అంటే డిగ్రీకి 1 వాట్. నీళ్లు మోసేది డిగ్రీకి 0.33 వాట్. జవాబు 3. హద్దుకి 300 రెట్లు. రెనాల్డ్స్ 500 దగ్గర కూడా 0.3, అదీ 30 రెట్లే. రెండు నిమిషాల లెక్క, ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు, డ్రాయింగ్ పీణ్య పంపకముందే వేసుంటే ఆ నాలుగు కట్టర్లు విరిగేవి కావు.

మామూలు సైజు గొట్టాల్లో ఇదెందుకు కనపడదంటే అక్కడ గోడ పల్చన, ఫ్లో ఎక్కువ. అంగుళం గొట్టంలో గోడ ఓ రెండు మిల్లీమీటర్లు, లోపల నీళ్లు పాతిక. చిన్న కాలువల్లో అది తిరగబడిపోతుంది, నా దిమ్మలో మొత్తం కాలువల అడ్డకోత 0.4 చదరపు మిల్లీమీటర్, రాగి అడ్డకోత 100. అది కాలువ కాదు, రాగి దిమ్మకి వెంట్రుకంత గీతలు. మైక్రోఛానెల్ (ఇలాంటి సన్న కాలువ) అనగానే అందరి దృష్టీ ఛానెల్ మీదే ఉంటుంది, గోడ డ్రాయింగ్‌లో ఒక హ్యాచింగ్‌లా, ఏటవాలు గీతలు నింపిన చోటులా మిగిలిపోతుంది. నాకూ అలాగే మిగిలింది.

ఇంకో అపోహ కూడా ఉంది, మెల్లగా పారితే నీళ్లలోనే వేడి వెనక్కి పాకుతుంది, దాని వల్ల నసెల్ట్ పడుతుంది అని. నీళ్లతో రెనాల్డ్స్ 50 దగ్గర పెక్లే నంబర్, అంటే నీళ్లలో పాకే వేడితో పోలిస్తే పారుతూ మోసుకుపోయే వేడి ఎంత ఎక్కువో చెప్పేది, 270 వస్తుంది, ఆ స్థాయిలో నీళ్లలో వెనక్కి పాకేది లెక్కలోకి రాదు. పాకేది గోడలోనే.

రెండో టెస్ట్ పీస్ స్టెయిన్‌లెస్ స్టీల్. కండక్టివిటీ 16, రాగిలో ఇరవై ఐదో వంతు. మందం 10 నుంచి 1 మిల్లీమీటర్‌కి తగ్గించా. ఆ రెండూ కలిసి నంబర్‌ని 3 నుంచి 0.012కి దించాయి, రెనాల్డ్స్ 50 దగ్గరే, 500 దగ్గర 0.0012. గాజు అయితే ఇంకా తగ్గేది కానీ కాలువలు చెక్కడం, హీటర్ అతికించడం నా వల్ల అయ్యే పని కాదు. స్టీల్‌తో ఒక లాభానికి ఒక నష్టం వచ్చి పడుతుంది, అడ్డంగా కూడా వేడి కష్టంగా పాకుతుంది కాబట్టి, వెనక వైపు థర్మోకపుల్ చూపించే టెంపరేచర్‌కీ కాలువ గోడ అసలు టెంపరేచర్‌కీ మధ్య 0.8 మిల్లీమీటర్ స్టీల్‌లో డిగ్రీ పావు పోతుంది. రాగిలో దీన్ని వదిలేయొచ్చు, ఇక్కడ నాలుగున్నర డిగ్రీల తేడా కొలుస్తున్నప్పుడు డిగ్రీ పావు అంటే చాలా పెద్దది, ప్రతి రీడింగ్ నుంచీ తీసేయాలి. ప్లేట్ మందం మైక్రోమీటర్‌తో ఐదు చోట్ల కొలిచింది అందుకే.

ఈసారి గోడ రీడింగులు మెట్లు ఎక్కినట్టు ఎక్కాయి, ప్రవేశం నుంచి చివరికి నీళ్లతో సమానంగా. రెనాల్డ్స్ 50 నుంచి 200 దాకా, కాలువ రెండో సగంలో, నసెల్ట్ మూడున్నర చుట్టూ వచ్చి అక్కడే నిలబడింది. పుస్తకంలో ఉన్నదే. ఆ రోజు సాయంత్రం యశ్వంతపూర్ దాకా నడుచుకుంటూ వచ్చి అమ్మకి ఫోన్ చేసి వచ్చిందమ్మా అన్నా, కొత్తది కనిపెట్టావా అంది, లేదమ్మా పాతదే వచ్చింది అని చెప్పా. అంత సంతోషం ఆ పాత గ్రాఫ్ ఇచ్చిన ఏ రాత్రీ ఇవ్వలేదు.

ఇదంతా చదివి రాగి చెడ్డది అనుకోవద్దు. చిప్ మీద పెట్టే కోల్డ్ ప్లేట్‌కి రాగే కావాలి. చిప్‌లో ఒక మూల వేడి ఎక్కువ, ఇంకో మూల తక్కువ ఉంటుంది, గోడలో వేడి అటూ ఇటూ పాకితేనే ఆ కాలే మూల కాస్త చల్లబడుతుంది, అంతా సమానమవుతుంది. అక్కడ మనకి కావాల్సింది చిప్ బతకడం, నసెల్ట్ కొలవడం కాదు. కొలిచే పరికరానికీ వాడే పరికరానికీ కావాల్సిన గోడ ఒకటి కాదు, నేను వాడే పరికరం చేసి దాంతో కొలవబోయా.

రాగి నిజంగా దెబ్బతీసేది ఎదురెదురు పారుదల హీట్ ఎక్స్‌ఛేంజర్లలో. వేడి నీళ్లు ఒకవైపు నుంచి, చల్లటివి ఇంకోవైపు నుంచి, మధ్యలో గోడ. సిద్ధాంతంలో చాలా పొడవుగా కడితే ఒకదాని వేడి మొత్తం రెండోదానికి ఇచ్చేయొచ్చు. అది జరగాలంటే గోడకి ఒక చివర వేడిగా, రెండో చివర చల్లగా ఉండాలి. గోడ వెంబడి వేడి స్వేచ్ఛగా పాకిందంటే ఆ తేడా చెరిగిపోయి గోడంతా మధ్యస్థంగా ఒకే టెంపరేచర్‌కి వస్తుంది, అప్పుడు రెండు ఫ్లోలు సమానమైతే ఎంత పొడవు కట్టినా వేడిలో సగానికి మించి మారదు. 50 శాతం దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది. అందుకే చిన్న ఎదురెదురు ఎక్స్‌ఛేంజర్లలో కండక్టివిటీ ఎక్కువ ఉన్న లోహం కంటే స్టీల్, గాజు లాంటివి మెరుగ్గా పనిచేస్తాయి, వినడానికి వింతగా ఉంటుంది, హీట్ ఎక్స్‌ఛేంజర్‌కి వేడి సరిగ్గా పాకని పదార్థం కావాలంటే. అడ్డంగా దాటాల్సిన గోడ మందం మైక్రాన్లలో ఉంటే స్టీల్ అయినా పెద్ద అడ్డు కాదు, పొడవునా మాత్రం అదే కాపాడుతుంది. వాయువులని ద్రవంగా మార్చే చలి యంత్రాల్లో ఆ 50 శాతం అసలు సరిపోదు, చాలా ఎక్కువ కావాలి, అక్కడ కొన్నిటిలో చిల్లుల రాగి రేకుల మధ్య ప్లాస్టిక్ రేకులు పెట్టి దొంతరగా పేరుస్తారు. రేకులో అడ్డంగా వేడి హాయిగా పాకుతుంది, పొడవునా పోదామంటే ప్రతి రేకు తర్వాతా ప్లాస్టిక్ అడ్డం. ఆ డిజైన్ మొదటిసారి చూసినప్పుడు నా రాగి దిమ్మ గుర్తొచ్చి దాన్ని చేసినవాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇప్పుడు చేస్తున్నది అదే, ఎదురెదురు ఎక్స్‌ఛేంజర్, ఒకే డిజైన్ మూడు లోహాల్లో, రాగి, ఇత్తడి, స్టీల్. లెక్క ప్రకారం తక్కువ ఫ్లో దగ్గర స్టీల్ ముందుండాలి, ఫ్లో పెరిగేకొద్దీ మూడూ దగ్గరికి రావాలి. డ్రాయింగ్‌లో ఈసారి కాలువ కొలతల పక్కనే గోడ కొలతలు కూడా టాలరెన్స్‌తో (ఎంత తేడా వరకు పర్లేదో) రాశా. పోయిన శనివారం పీణ్య తీసుకెళ్తే అన్న మూడు షీట్లూ తిప్పి చూసి, ఇత్తడిది పైకి తీసి, "ముందు ఇది చేసి ఇస్తానమ్మా" అన్నాడు. వచ్చే వారం వస్తుంది.